మడ అడవిలో బావురుపిల్లి

మా అక్క మొగుడు బాపట్లలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. షుగరు ఒక కన్ను తీసుకుంది, రెండోది సగమే పనిచేస్తోంది. అదీ పోయేలోగా బావురుపిల్లిని చూడాలన్నాడు. నీళ్ళలో దిగి చేపలు పట్టే ఆ అడవిపిల్లిని బడి చార్టుల మీద ఎన్నోసార్లు గీశాడట, కళ్ళారా ఎప్పుడూ చూడలేదట. ఇద్దరం తెనాలిలో కలుసుకుని రేపల్లె రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో అడవులదీవి చేరాం. అటవీశాఖ అనుమతి కాగితం చూశాక ఒక పడవాయన మమ్మల్ని మడ అడవిలోకి తీసుకెళ్ళాడు.

బురదలోంచి చెట్ల వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. నేను ఊరుకుంటానా?

"భట్టిప్రోలు స్తూపానికి ఇటుకలు మోసిన పడవలు ఇక్కడే దిగబడ్డాయి బావా. బౌద్ధ భిక్షువులు తెడ్లు బురదలో గుచ్చేసి నడిచి వెళ్ళిపోయారు. అవే చిగిర్చి ఈ మడచెట్లయ్యాయి."

"మా తాత ఇదెప్పుడూ చెప్పలేదేంటండి?" అన్నాడు పడవాయన.

"మీ తాతకి నేను చెబితే కదా!"

"నోర్ముయ్యరా. నీ కోతలకి పిల్లేంటి, పీతలు కూడా పారిపోతాయి" అన్నాడు బావ.

సముద్రం వెనక్కి తీస్తోంది. కాలవలో నీరు తగ్గి, ఒడ్డు గుంటల్లో చేపలు చిక్కుకున్నాయి. పడవాయన ఇంజను ఆపేశాడు.

"వస్తే ఇప్పుడే రావాలండి. ఎక్కువసేపు ఉండలేం, పడవ దిగబడిపోద్ది."

కాసేపటికి పొదలోంచి అది వచ్చింది. నేను బావ గడ్డం పట్టుకుని అటు తిప్పాను.

"ఎక్కడరా?"

"ఆ వంగిన కొమ్మ కింద."

"అంతా ఒకటే ముద్దలా ఉంది. నువ్వే చెప్పు, ఏం చేస్తోంది?"

"గుంట పక్కన నిలబడింది. బూడిదరంగు, నల్లచుక్కలు. తోక పొట్టి. నీళ్ళలో కాలు పెట్టింది. చేప దొరికింది. వెళ్ళిపోతోంది... వెళ్ళిపోయింది."

బావ నా వైపు తిరిగాడు.

"అంతేనా? మీసం మెలెయ్యలేదా? నీకు దణ్ణం పెట్టలేదా?"

"లేదు."

"అయితే నిజంగానే వచ్చిందన్నమాట."

పడవాయన నవ్వి గెడతో పడవను లోతులోకి తోశాడు. బావ నా చెయ్యి అందుకుని, "తోకెంతుందిరా?" అన్నాడు. ఆయన వేళ్ళను నా మోచేతి నుంచి మెల్లగా జరిపి, మణికట్టుకు కాస్త ఇవతలే ఆపాను.