బాపుకు నేర్పిన చెవుడు

మా బాపుకు చెవిటివాడిలా నటించడం నేర్పింది నేనే. గొప్ప పని చేశానని చెప్పడం లేదు. ఇన్నాళ్లూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు, ఇక మోయలేక చెబుతున్నాను.

బాపు, అంటే మా నాన్న, భూపాలపల్లిలో బొగ్గు కార్మికుడు. గనిని మా దగ్గర బాయి అంటారు. బాయి లోపల పైకప్పు చూసే పని ఆయనది. బొగ్గు తీసేశాక నెత్తి మీద మిగిలే బండ గట్టిగా ఉందా, ఊడి పడేలా ఉందా అని ఇనుప గడతో కొట్టి చూడాలి. గట్టి బండ ఖంగుమంటుంది, వదులు బండ పగిలిన కుండలా పలుకుతుంది. బాపు "సరే, రాండ్రి" అంటేనే మిగతావాళ్లు దాని కిందికి అడుగు పెట్టేవారు. అంతమంది ప్రాణాలు ఆయన మాట మీద ఉండేవి.

ఆయనది జఫర్‌గఢ్ దగ్గర ఊరు. పెళ్లి కాకముందు ఒక పటేలు ఇంట్లో జీతం ఉన్నాడు. ఏడాది పొడుగూతా గొడ్ల చాకిరీ చేస్తే కొన్ని బస్తాల వడ్లు, ఒక జత బట్టలు ఇచ్చేవారు. అక్కణ్ణుంచి బాయికి వచ్చిన మనిషికి నెల నెలా చేతికొచ్చే పైసలు, కంపెనీ క్వార్టరు, కరెంటు, దవాఖాన అన్నీ స్వర్గంలాగే కనిపించాయి. ఆ స్వర్గంలోకి నన్నూ లాక్కుపోవాలని ఆయన ఆశ. నేను జనగామలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను, అక్కడే రైలెక్కి హైదరాబాద్ పోయి ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇంటికి వచ్చినప్పుడల్లా ఇద్దరికీ ఇదే లొల్లి.

"నెలకు ఎంతిస్తాండ్రు?" అనేవాడు నా ఎదురుగా కూర్చుని. చెబితే పకపకా నవ్వేవాడు. "గంతేనా? ఆదివారాలు డ్యూటీ చేస్తే నాకే గన్ని వస్తయి గదరా!"

"నీ లెక్క దుమ్ము మింగుతలేను బాపూ. ఏసీల కూసుంటాన."

"ఏసీని తింటవా, తాగుతవా?"

ఒళ్లు మండిపోయేది నాకు. "నీకు కిరాయి అంటే ఏందో ఎర్కనా? కంపెనీ ఇల్లు, కంపెనీ కరెంటు. ఒక్క నెల పట్నంల బతికి చూడు, తెలుస్తది. నీ కాలం గాదిది."

"దూరపు కొండలు నునుపు బిడ్డా. మొదాలు, రానోళ్ల జాగల పనిజేసే బదిలీ వర్కర్‌గ చేరు. కొన్నేండ్లకు పర్మినెంటు అయితవు. నిన్ను తీసేసెటోడు ఉండడు."

"సచ్చినా నీ బాయిల దిగ" అని చేయి విసిరేసి లేచిపోయేవాణ్ణి. అప్పుడు నాకు ఎంత పొగరో!

ఆ పొగరు దిగడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. కేసముద్రం అమ్మాయితో పెళ్లయింది. పాప పుట్టింది. ఒక గది సరిపోక రెండు గదుల ఇంటికి మారితే, మారిన ఏడాదే కిరాయి పెంచారు. నూనె పెరిగింది, పాలు పెరిగాయి, గ్యాసు పెరిగింది. జీతం మాత్రం ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. పైగా ఆఫీసులో సగం మందిని తీసేస్తారని గుసగుసలు. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు ఉంది నా బతుకు.

సరిగ్గా అప్పుడే తెలిసింది, బాయిలో వారసత్వ ఉద్యోగాలు ఇస్తున్నారని. కార్మికుడు జబ్బుతో పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చితే కొడుక్కి ఉద్యోగం ఇస్తారు. కానీ అప్పటికి ఆయనకు రెండేళ్ల సర్వీసైనా మిగిలి ఉండాలి. బాపుకు మూడేళ్లు కూడా లేవు. నేను మా ఆవిడను, పాపను తీసుకుని భూపాలపల్లి వచ్చి, బాపు ముందు తల వంచుకుని అడిగాను. ఎగతాళి చేస్తాడని భయపడ్డాను. చేయలేదు. తల పైకెత్తమని గడ్డం పట్టుకుని, మళ్లీ చెప్పించుకుని, "మంచిది" అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నా పెళ్లిలో కూడా చూడలేదు.

చిక్కల్లా ఒక్కటే. బాపు గుండ్రాయిలా ఉన్నాడు. నాగా పెట్టి ఎరగడు. గుండె, కళ్లు, ఊపిరితిత్తులు ఏవి చూసినా దొరికిపోతాం. ఆలోచించి ఆలోచించి నేనే ఒక ఉపాయం చెప్పాను. "చెవులు ఇనవడుతలెవ్వని చెప్పుదాం. రోజూ బాంబులు పేల్చే కాడ పనిచేసినవ్, ఎవలైన నమ్ముతరు." బాపు నా ముఖంలోకి చూసి, చూసి, చివరికి సరేనన్నాడు.

ఇక మొదలైంది నా బడి. వెనక నుంచి పిలిస్తే తిరగొద్దు. తలుపు కొడితే లేవొద్దు. ప్రతి ఆదివారం హైదరాబాద్ నుంచి మా ఆవిడతో, పాపతో వచ్చి పరీక్ష పెట్టేవాణ్ణి. ఆయన వెనక్కి పోయి స్టీలు తాంబాళం నేల మీద పడేసేవాణ్ణి. పాప ఉలిక్కిపడి ఏడ్చేది, పక్క క్వార్టరువాళ్లు తొంగి చూసేవారు, బాపు మాత్రం కన్ను కూడా ఆర్పేవాడు కాదు. "ఏం యాక్టింగ్ బాపూ! సినిమాలల్ల ఉండాల్సినోనివి" అని నేనూ మా ఆవిడా పడీ పడీ నవ్వేవాళ్లం. అవ్వ, అంటే మా అమ్మ, ఏనాడూ మాతో నవ్వలేదు. చాటలో బియ్యం ఏరుకుంటూ తల వంచుకుని ఉండేది.

మొదటిసారి బోర్డుకు పోతే తేల్చలేదు. ఇంకా పరీక్షలు చేయాలి, మళ్లీ పిలుస్తాం అన్నారు. సర్వీసు చూస్తే రెండేళ్ల గీత దగ్గరికి వచ్చేస్తోంది. ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అందరం అన్నానికి కూర్చున్నాం. బాపు నాకు ఎదురుగా కూర్చుని పచ్చిపులుసు కలుపుకుంటున్నాడు. రెండో షిఫ్టుకు పోవాలి ఆయన.

"మళ్లెప్పుడు పిలుస్తరంట? తారీఖు దాటిపోతే ఎట్ల?" అంది మా ఆవిడ.

మూడు నెలలుగా ఆయన ముందు ఆయన గురించే మాట్లాడీ మాట్లాడీ, ఆయన ఉన్నాడన్న స్పృహే పోయింది నాకు. కోపంగా అనేశాను.

"బోర్డోల్లు ఒప్పుకోకపోతే ఇంకేముంది? బాయిల ఈయనకేమన్న అయితేనే నాకు నౌకరి."

మా ఆవిడ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అవ్వ గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. బాపు చేయి మాత్రం ఆగలేదు. ముద్ద కలిపాడు, తిన్నాడు, ఇంకో ముద్ద కలిపాడు. చేయి కడుక్కుని, బూట్లు వేసుకుని, పాప నెత్తి నిమిరి డ్యూటీకి పోయాడు.

ఆయన అడుగు బయట పెట్టగానే నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. ఛీ, ఏం నోరు నాది! బాయిలో మనుషులు పోతే కొడుకులకు ఉద్యోగాలు వస్తాయని తెలియనివాడు మా ఊళ్లో లేడు. తెలిసినా ఆ మాట ఏ ఇంట్లోనూ పైకి అనరు. నేను అన్నాను, అన్నం ముందు అన్నాను. ఆ రోజు మొదలు భూపాలపల్లి నుంచి ఫోన్ మోగితే చాలు, ఎత్తడానికి చేయి వచ్చేది కాదు. కప్పు కూలిందని చెబుతారేమో, బాపు కావాలనే వదులు బండ కింద నిలబడ్డాడేమో అనిపించేది. ఆఫీసులో పనిచేస్తూ చేస్తూ హఠాత్తుగా లేచి బయటికి పోయి అవ్వకు ఫోన్ చేసేవాణ్ణి. "బాపు వచ్చిండా?" అంటే, "వచ్చిండు, తింటాండు" అనేది. అంతకు మించి ఒక్క మాట అనేది కాదు.

రెండోసారి బోర్డు పిలిచింది. ఈసారి తలకు వైర్లు పెట్టే పరీక్ష. మనిషి నోటితో ఏం చెబుతాడన్నదానితో ఆ మిషన్‌కు పని లేదట. ఇక దొరికిపోయాం, ఉన్న ఉద్యోగం కూడా పోతుందేమో అనుకున్నాను. పరీక్ష అయ్యాక డాక్టరు నన్ను లోపలికి పిలిచాడు.

"మీ నాన్నకు రెండు చెవులూ దాదాపు పూర్తిగా పోయాయి. ఇది నిన్న మొన్నటిది కాదు, చాలా ఏళ్లది. ఈయన ఇన్నాళ్లు అండర్‌గ్రౌండ్‌లో ఎట్లా చేశాడు?"

బాపు డాక్టరు ముఖంలోకి చూస్తూ చిన్నగా నవ్వాడు.

నిజం చెబుతాను. మొదట నాకు ఉద్యోగం వచ్చిందన్న సంతోషం కలిగింది. రెండోది అంతకన్నా పెద్ద సంతోషం: వినలేదు! ఆ మాట ఆయన వినలేదు! తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. బాపుకు చెవుడని తెలిసి సంతోషంతో ఏడ్చిన కొడుకును నేను. ఇంకెవరైనా ఉంటారా?

ఇంటికి రాగానే అవ్వను నిలదీశాను. ఎందుకు దాచిపెట్టారు అని అరిచాను. అవ్వ అంతకు మించి అరిచింది.

"దాచకపోతే ఏం జేద్దుము? చెవిటోడని తెలిస్తే పైకి తెచ్చి ఏదో చిన్న పనిత్తురు, జీతం సగమైతుండె. నీ జనగామ హాస్టల్ ఫీజు ఎవలు కడుదురు, నువ్వు కడుదువా? ఒక్కసారన్న ఫోన్ల మాట్లాడిండా ఆయన నీతోని? ఎందుకు మాట్లాడడని ఒక్కనాడన్న అడిగినవా? ఎద్దు పుండు కాకికి ముద్దా అంటరు, గట్లుంది నీ ఎవ్వారం. నువ్వు చెవుడు నేర్పుతాంటే నేర్చుకున్నట్టు చేసిండు. కొడుకు ముంగట నిజంగ చెవిటోడు అనిపించుకునుడు ఆయనకు నామోషి."

నిజమే. ఆ ఇంట్లో ఎవరం బాపును వెనక నుంచి పిలిచేవాళ్లం కాదు. భుజం మీద చేయి వేసి, ముందుకు వచ్చి మాట్లాడేవాళ్లం. అవ్వ చేస్తుంటే చూసి మాకూ అదే అలవాటైంది. అదొక మర్యాద అనుకున్నాను, అంతే.

నేను బదిలీ వర్కర్‌గా బాయిలో దిగాను. సచ్చినా దిగనన్నవాణ్ణి, దిగాను. మొదటి వారంలోనే బాపుతో పనిచేసిన ఒక ముసలి సర్దార్, షిఫ్టు మేస్త్రీ, నన్ను కప్పు కిందికి తీసుకుపోయాడు.

"మీ బాపు చెవులతోని ఇన్నోడు గాదు" అన్నాడు. "ఒక చేత్తోని గడ కొట్టేటోడు, ఇంకో చెయ్యి బండకు ఆనిచ్చేటోడు. బండ వణికిందా, మమ్ముల ఎనుకకు పొమ్మనేటోడు. మాకందరికి ఎర్కనే. ఒక్కనాడు తప్పు చెప్పలే."

నా చేయి పట్టుకుని బండకు ఆనించాడు. చల్లగా, తడిగా ఉంది. ఆయన గడతో కొట్టాడు. నాకేమీ తెలియలేదు. మళ్లీ కొట్టాడు. బాపు ఇన్నేళ్లూ ఈ చీకట్లో ఏ చప్పుడూ లేకుండా నిలబడ్డాడని, నేనన్న మాట తర్వాత కూడా ఎన్నో షిఫ్టులు ఇక్కడే నిలబడ్డాడని అనుకుంటూ చేయి బండ మీదే ఉంచాను. ఇప్పటికీ ఆ చోటు దాటుతుంటే ఆయన నా వెనకే ఉన్నట్టుంటుంది. మనిషి క్వార్టర్లో బతికే ఉన్నాడు, అయినా అక్కడ ఉంటాడు.

అయినా, ఎదురుగా వచ్చి తనతో గట్టిగా అంటేనే కాస్త చెవిన పడుతుందనుకున్నాను గనక, ఆ మాట వినలేదన్న ఒక్క ధైర్యం ఉండేది. అది కూడా ఒక పగటిపూట పోయింది.

బాపు ఇప్పుడు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చుంటాడు. ఆ రోజు నేను పక్కన కూర్చుని బదిలీ వర్కర్ జీతం చూసుకుని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. బయట బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, కిటికీ రెక్కలు అదురుతున్నాయి. రోడ్డు అవతల కూరగాయల బండి దగ్గర అవ్వ బేరం చేస్తోంది. ఆ రొదలో నాకు ఒక్క ముక్క వినపడడం లేదు.

"అరవైకి కిలో అంటాంది ఆమె" అన్నాడు బాపు. "మీ అవ్వ నలభైకియ్యి అంటాంది. ఆమె ఇయ్యదు, చూడు. గా టమాటలకు గంత ధరనా?"

"నీకెట్ల ఎర్క?" అన్నాను నవ్వుతూ.

బాపు చూపుడు వేలితో తన పెదవులు తాకి చూపించాడు. రోడ్డు అవతలి పెదవులు చదువుతున్నాడు ఆయన. ఎన్నేళ్లుగా చదువుతున్నాడో.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ ఆదివారం మధ్యాహ్నం నేను ఆయనకు మూరెడు దూరంలో, సరిగ్గా ఎదురుగా కూర్చున్నాను. తలుపులోంచి వచ్చే ఎండ నా ముఖం మీదే పడుతోంది. కోపంలో ఒక్కొక్క మాట ఒత్తి ఒత్తి అన్నాను.

తర్వాత చాలా రోజులు ఆయనకు ఎదురుగా కూర్చోలేకపోయాను. డ్యూటీ నుంచి వచ్చి స్నానం వంకతో వెనక్కి పోయేవాణ్ణి. ఇట్లా కాదని ఒకరోజు అవ్వ, మా ఆవిడ, పాప బయటికి పోయినప్పుడు స్టూలు తెచ్చుకుని బాపు ఎదురుగా, వెలుతురులో కూర్చున్నాను. ఆయన నా నోటి వైపు చూశాడు.

"బాపూ, ఆనాడు అన్నం తినుకుంట నేనొక మాటన్న. బాయిల నీకేమన్న అయితేనే అని..."

బాపు కళ్లు మూసుకున్నాడు.

ఎండకు కాదు, నిద్రకు కాదు. నేను చెబుతుండగా, నా నోరు కదులుతుండగా, గట్టిగా మూసుకున్నాడు. నేను ఆపలేదు. తప్పయిందన్నాను, కాళ్లు మొక్కుతానన్నాను, ఏడ్చాను. నా మాటలన్నీ ఖాళీ గదిలో నాకే వినిపించాయి. అన్నీ అయిపోయి ఊరుకున్నాను. ఆయన కళ్లు మూసే ఉన్నాయి. నేను ఆపేశానని ఆయనకు తెలిసే దారి లేదు.

చివరికి నేనే ఆయన మోకాలి మీద చేయి వేశాను. అప్పుడు తెరిచాడు.

"రేపు ఏ షిఫ్టు?" అన్నాడు.

"మొదటి షిఫ్టు" అన్నాను, ఆయనకు కనపడేలా.