ఎడమ రెక్క దగ్గర గీత

శాంటా క్లారాలో తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోట దామోదర్ విమానం సంగతి వచ్చిందంటే, ఆ వెనకే అతని భార్య సుమతి మాట రావలసిందే.

"ఆరేళ్ళు కష్టపడి మనిషి సొంత చేతులతో విమానం కట్టుకున్నాడు. తీరా ఎగరబోయే రోజున పెళ్ళాం దానికి కుంకుమ పూసి, పిండి చల్లి, ఏదో అపశకునం అని అడ్డం పడింది. ముప్ఫైమందిమి పులిహోర తినేసి కార్లెక్కాం" అని రేణు నవ్వుతూ చెప్పేది. రేణు భర్త కృష్ణమోహన్ ఆ ఏడు తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఆ ఇంటికి రానివాళ్ళు లేరు కనుక ఆమె చెప్పిన మాట వినని వాళ్ళూ లేరు. పోనుపోను దానికి కొమ్మలు మొలిచాయి. పిల్లి ఎదురొచ్చిందని కొందరన్నారు, సుమతికి పాడుకల వచ్చిందని కొందరన్నారు. ఆగస్టులో విమానం నిజంగానే ఎగిరినప్పుడు దామోదర్ ఒక్కరినీ పిలవలేదు. దాంతో ఆ మాట మరీ గట్టిపడింది.

సుమతిది పాలకొల్లు. తొమ్మిదో తరగతి మధ్యలో తల్లికి పక్షవాతం వస్తే బడి మానేసి వంటింట్లోకి వచ్చింది. తల్లి మంచం మీద నుంచే పని చెప్పేది, ఈమె చేసేది. అలా అయిదేళ్ళు గడిచాక దామోదర్‌తో పెళ్ళయి, 1977లో శాంటా క్లారా వచ్చింది. దామోదర్ అక్కడ రేకు పెట్టెలు చేసే షాపులో పనివాడు. పెట్టెలు కంప్యూటర్ కంపెనీలకు వెళ్ళేవి. ఆ కంపెనీల్లో ఇంజనీర్లు తెలుగువాళ్ళు. విందుల్లో వాళ్ళు జీతాల గురించి, వీసాల గురించి మాట్లాడుతుంటే దామోదర్ పకోడీల పళ్ళెం దగ్గర నిలబడి వినేవాడు. సుమతి అతని వెనక నిలబడేది.

ఏడాది తిరిగాక దామోదర్ ఎక్కడి నుంచో ప్లాన్ కాగితాలు తెప్పించి, ఇంటి గరాజ్‌లో రెండు సీట్ల అల్యూమినియం విమానం మొదలుపెట్టాడు. మొదట సుమతి గుమ్మంలో నిలబడి చూసేది. తరువాత దీపం పట్టుకుంది. తరువాత రివెట్లు అందించింది. ఒకనాడు అతను ఒక ముక్కను ఆమె చేతిలో పెట్టి, "దీని మీద గోటికి తగిలే గీత ఒక్కటి కూడా ఉండకూడదు. గీత ఉన్నచోటే పగులు పుడుతుంది" అన్నాడు.

ఆమెకు తెలిసిన తోముడు చింతపండుతో తోముడు. ఇత్తడి చెంబు బంగారంలా అయ్యేది కదా అని, తీసిపారేసిన రేకు ముక్క ఒకటి తీసుకుని చింతపండు, ఉప్పు పెట్టి రుద్దింది. అది బూడిద రంగుకి తిరిగి, మచ్చలు తేలింది. దామోదర్ కడుపు పట్టుకుని నవ్వాడు. "నయం, రెక్కకి పులుసు పెట్టలేదు!" ఆమెకూ నవ్వొచ్చింది. కానీ ఆ పని వదల్లేదు. ముందు సన్న గరుకు కాగితం, ఆపైన ఇంకా సన్నది, ఎప్పుడూ పొడుగువారగానే తప్ప అడ్డంగా కాదు. చివర ఎర్ర పాలిష్ కడ్డీ, ఉన్నిగుడ్డ. రుద్దేకొద్దీ అల్యూమినియం నల్లటి మసి కక్కుతుంది. ఆ మసి తీయడానికి ఆమె బియ్యప్పిండి చల్లి తుడిచేది. మసిని పిండి పట్టేస్తే, కింద అద్దంలాంటి లోహం బయటపడేది. గోళ్ళలో చేరిన నలుపు మాత్రం వదిలేది కాదు. విందులకు వెళ్ళినప్పుడు చేతులు కొంగులో దాచుకునేది.

గరాజ్‌లో ఇంగ్లీషు అక్కర్లేదు. ఆ విమానంలో ఆమె చెయ్యి తగలని ముక్క లేదు. ఏ ముక్కకు ఏ మూల ఏ మచ్చ ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది.

1984 వసంతానికి విమానం పూర్తయింది. గిల్‌రాయ్ దాటాక వెల్లుల్లి పొలాల పక్కనున్న చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకున్నారు. ప్రభుత్వ తనిఖీ అయింది, కాగితం వచ్చింది. ఆ తరువాత మూడు వారాలు దామోదర్ దాన్ని నేల మీదే పరుగులు పెట్టించాడు. ఆ రన్‌వే గతుకుల రన్‌వే. మే నెలలో ఒక శనివారం పొద్దున తొమ్మిది గంటలకు మొదటిసారి పైకి లేవాలని నిర్ణయమైంది. దామోదర్ సంఘం వాళ్ళందరినీ పిలిచాడు. పకోడీల పళ్ళెం దగ్గర నిలబడ్డ ఏళ్ళన్నీ ఆ పిలుపులో ఉన్నాయని సుమతికి తెలుసు.

ఆ రోజు ఏడింటికే ఇద్దరూ షెడ్డుకు వచ్చారు. రెక్కను మొండేనికి పట్టి ఉంచే బ్రాకెట్లు నాలుగు. వాటి మీద మూత రేకులు ఇంకా బిగించలేదు. సుమతి వేలిముద్రలు తుడుస్తూ ఎడమ రెక్క ముందు బ్రాకెట్ దగ్గర ఆగింది. దాని వంపులో వెంట్రుకంత నలుపు. పిండి వేసి తుడిస్తే పోయింది. రెక్కను చేత్తో కాస్త ఊపి చూస్తే మళ్ళీ వచ్చింది.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి. ఇక్కడ నలుపు పోవడం లేదు."

"పోకపోతే ఇంకొంచెం రుద్దు."

"రుద్దాను. పోయి మళ్ళీ వచ్చింది."

దామోదర్ భూతద్దం పెట్టి చూశాడు. "పాలిష్ మరక. ఇన్‌స్పెక్షన్ కూడా అయిపోయింది కదా."

"ఇన్‌స్పెక్షన్ నాడు లేదండీ. నేనే తుడిచాను."

"సుమతీ, ముప్ఫైమంది దార్లో ఉన్నారు." అతని గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది.

అంతలో కార్లు రానే వచ్చాయి. కృష్ణమోహన్ కెమెరా మెడలో వేసుకుని దిగాడు. "ఏం దామూ గురూ, నాకు విండో సీట్ బుక్ చేశావా?"

"ఉన్నవి రెండు సీట్లు, రెండూ విండో సీట్లే."

"అయితే ఎయిర్ హోస్టెస్ ఎక్కడ కూర్చుంటుంది?" అందరూ ఘొల్లుమన్నారు.

రేణు హారతి పళ్ళెం పట్టుకొచ్చింది. అందులో కుంకుమ భరిణె, నూనె సీసా, నాలుగు నిమ్మకాయలు. "కొత్త కారుకి చేసినట్టే చేద్దాం సుమతీ. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టాలిగా? మూడు టైర్లే ఉన్నాయేమిటి దీనికి, ఒకటి మిగిలిపోయింది!"

సుమతి ఆ మాటలు వినలేదు. అది మరకే అయితే, ఇంతమంది ముందు భర్తను నవ్వులపాలు చేసినట్టవుతుంది. పగులే అయితే, తొమ్మిదింటికి అతను ఒక్కడే దానితో పైకి వెళ్తాడు. ఆమె చూపు పళ్ళెంలోని నూనె మీద పడింది.

పాలకొల్లులో తల్లి కొత్త ఆవకాయ జాడీని ఊరికే నమ్మేది కాదు. లోపల నూనె పట్టించి ఒక పూట ఉంచేది. తరువాత బయట పొడి బియ్యప్పిండి అద్దించేది. కంటికి కనపడని బీట ఉంటే ఆ పిండి మీద నూనె గీత తేలేది. అలాంటి జాడీని మళ్ళీ కొట్టుకు పంపించేవాళ్ళు.

సుమతి చిన్న గిన్నెలో నూనె పోసి, పనిముట్లు కడిగే కిరసనాయిలు కలిపింది. తెల్లటి పిండి మీద నూనె సరిగా ఆనదని కుంకుమ కూడా వేసి కలిపింది. దాన్ని బ్రాకెట్ వంపుకి పట్టించి, గోడ గడియారం చూస్తూ కూర్చుంది.

"చూశారా, భక్తి అంటే అదీ. చెప్పులు విప్పండయ్యా" అన్నాడు కృష్ణమోహన్. ఒకరిద్దరు నిజంగానే విప్పారు.

పావుగంట తరువాత ఆమె నూనెనంతా పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. డబ్బాలోంచి బియ్యప్పిండి తీసి పల్చగా చల్లింది.

"ఏవండీ, రెక్క చివర పట్టుకుని ఒక్కసారి పైకెత్తండి."

"ఇప్పుడెందుకు సుమతీ?"

"ఒక్కసారి."

"ఎత్తు గురూ, అమ్మగారి ఆర్డర్" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

దామోదర్ పళ్ళు బిగించి ఎత్తాడు. తెల్లటి పిండిలో సన్నటి ఎర్ర గీత పైకి తేలింది. బోల్టు కన్నం దగ్గర మొదలై, వంపు వెంబడి బొటనవేలంత పొడుగు సాగింది. సుమతి భర్త వంక చూసింది. అతను రెక్క దించి, వచ్చి వంగి చూశాడు. పిండి తుడిచి, మళ్ళీ తనే చల్లి, ఆమెనే రెక్క ఎత్తమన్నాడు. మళ్ళీ అదే గీత.

రేకుకి కర్రకున్నట్టే నార ఉంటుంది. నారకు అడ్డంగా వంచాలి, వెంబడి వంచితే ఏదో ఒకనాటికి పగులుతుంది. పెద్ద రేకు అయిపోయిందని, మిగిలిన తుంటలోంచి అతను ఆ ఒక్క బ్రాకెట్టూ కోసుకున్నాడు. ఏ దిక్కున కోశాడో అతనికిప్పుడు గుర్తొచ్చింది. పాతికేళ్ళుగా రేకు వంచుతున్న మనిషి.

లేచి నిలబడి విమానం తాళాలు జేబులో వేసుకున్నాడు. "ఇవాళ ఫ్లైట్ లేదు."

"అదేమిటి గురూ! ఏమైంది?"

దామోదర్ చేతికంటిన పిండిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఇంజనీర్లందరూ అతని మొహంలోకి చూస్తున్నారు.

"నేనే వద్దన్నాను" అంది సుమతి. ముప్ఫైమందిలో ఆమె గొంతు పైకి వినిపించడం అదే మొదటిసారి. "నాకెందుకో ఇవాళ మంచిదనిపించలేదు. భోజనాలు చేసి వెళ్ళండి."

రేణు పక్కావిడను మోచేత్తో పొడిచింది. పులిహోర డబ్బాలు తెరిచారు. మధ్యాహ్నానికి కార్లన్నీ వెళ్ళిపోయాయి.

అప్పుడు దామోదర్ రెక్క కింద బల్లలు పెట్టి, బోల్టులు విప్పి బ్రాకెట్ బయటికి తీశాడు. దాన్ని బల్లకున్న ఇనప వైస్‌లో బిగించి, సుత్తితో ఒక్క దెబ్బ, అదీ మెల్లగా వేశాడు. అది రెండు ముక్కలయింది. పడిన ముక్కను సుమతి ఎత్తి, తలుపు దగ్గర వెలుతురులో పట్టుకుని చూసింది. విరిగిన చోట నాలుగింట మూడు వంతులు నల్లగా ఉంది. అది నేల మీది పరుగుల్లోనే పుట్టి పెరిగిన పగులు. అప్పుడే విరిగి తెల్లగా ఉన్నది ఒక్క వంతే. ఆ రోజు పొద్దున అక్కడ రెక్కను పట్టి ఉంచినది అంత మాత్రం లోహమే.