సెలూన్‌లో ఓడిన కెప్టెన్

మా మామయ్యకు సెలూన్ ఉంది. ధ్యాస మాత్రం క్రికెట్ మీదే. మొన్న జుట్టు కత్తిరిస్తూ ఒక కస్టమర్ చెవికి గాటు పెట్టాడు. ఆయన ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ ఇచ్చి ఏకిపారేశాడు.

"తప్పయిందని రాయి మామయ్యా" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేగా! ఓడిన కెప్టెన్ ఎక్కడైనా బతిమాలతాడా అన్నాడు. వెనక షాంపూ పోస్టర్లు అంటించి, దువ్వెనను మైకులా పట్టుకుని, నాచేత వీడియో తీయించి షాపు పేజీలో పెట్టించాడు.

"ప్రత్యర్థి బాగా ఆడారు. మా జట్టు శాయశక్తులా పోరాడింది. తర్వాతి మ్యాచ్‌లో పుంజుకుంటాం."

జట్టంటే ఆయనొక్కడే.

మర్నాడు ఆ ఒక్క స్టార్ ఇచ్చిన మనిషే హెల్మెట్ పెట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చున్నాడు.

"వీడియో చూశాను. రెండో చెవి ఉందిగా, కానివ్వండి."

మామయ్య కళ్లు చెమర్చాయి. "చూశావా, అభిమానులంటే వీళ్లు" అంటూ కత్తెర తీశాడు.