కరెంటు కంపెనీ ఎవరిదని అడిగిన అమ్మాయి

2023 వేసవి. గిద్దలూరులో నాది మోటారు వైండింగ్ షాపు. వైండింగ్ అంటే కాలిపోయిన మోటారు కడుపులోంచి మాడిన రాగితీగ లాగేసి కొత్తది చుట్టడం. ఏడో తరగతితో బడి మానేసిన నాకు అదే పీహెచ్‌డీ.

అసలు పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒకరోజు షాపుకొచ్చింది. పేరు సుజాత. మార్కాపురంలో డిగ్రీ, హైదరాబాదులో పొలిటికల్ సైన్స్ ఎమ్మే, ఇప్పుడు ప్రభుత్వ కరెంటు కంపెనీల మీద పరిశోధన. సర్కారు కంపెనీని రైతు తనదనుకుంటాడా, పరాయిదనుకుంటాడా అన్నది ఆమె ప్రశ్న. ఆఫీసర్లు బాగానే మాట్లాడారు. రైతులే నోరు విప్పడం లేదు. బోర్ల గురించి అడిగేసరికి, మీటర్లు బిగించడానికి వచ్చిందనుకుని రాచర్ల వైపు జనం తలుపులు వేసుకున్నారు. రైతుల మాట లేకుండా థీసిస్ ఒప్పుకోనని ప్రొఫెసరు తేల్చి చెప్పాడట.

"ఈడ కూచో తల్లీ. మోటారు కాలినోడు నోరు మూసుకోని ఉండలేడు" అన్నాను. "మీ నాయన ఏం చేస్తాడంటే మాత్రం సేద్యమని చెప్పు."

వాళ్ల నాయన కొనకనమిట్లలో అదే కరెంటు కంపెనీ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు మరి.

మధ్యాహ్నం రాచర్ల పోలయ్య మామ ఆటోలో మోటారు వేసుకుని దిగాడు.

"మొన్ననే గదా మామా బాగుచేసి పంపింది, అప్పుడే పుట్టింటికి తెచ్చినావేంది?"

"నీ ఎకసెక్కాలకేం అల్లుడా! లో వోల్టేజీకి మళ్లా కాలింది, ఆడ మిరప తోట ఎండిపోతాంది. ఈ పాప ఎవురు?"

"కరెంటు కంపెనీల మీద చదువుతాంది."

ఆయన ముఖం ముడుచుకుంది. "ఎవురి బిడ్డ?"

నేను దగ్గాను. సుజాత నా వైపు చూడనే లేదు.

"కొనకనమిట్ల లైన్‌మన్ కూతుర్ని, పెదనాయనా."

మోటారుతోపాటు థీసిస్ కూడా కాలిపోయిందనుకున్నాను.

"లైన్‌మన్ బిడ్డవా? ఇన్నాళ్లు యాడుండావు? కూచో. నీకు చెప్పాల్సింది శానా ఉంది!"

ఇక మొదలు. ఫోనెత్తని ఆఫీసు, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఊరోళ్లే ట్రాక్టరెక్కించుకుని పోవడం, అన్నీ ఆమె తండ్రి నెత్తినే వేసి తిట్టాడు. ఆమె ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. అంతా విని అడిగింది.

"ఇంత కోపముంటే కంపెనీని ప్రైవేటోళ్లకిస్తే సరిపోలా?"

పోలయ్య మామ లేచి నిలబడ్డాడు. "మా కంపెనీని ఎవురికో ఇచ్చేదేంది? మాదని గదా తిట్టేది! పరాయోడైతే తిడితే పలుకుతాడా?"

సుజాత ముఖం వెలిగింది. మర్నాడు ఆయనే ఆమెను రాచర్లలో ఇల్లిల్లూ తిప్పాడు, "లైన్‌మన్ బిడ్డ వచ్చింది, తిట్టేవోళ్లు రాండి" అని కేకేస్తూ. థీసిస్ గట్టెక్కింది.

ఆ అమ్మాయికి నేను నేర్పింది అబద్ధం, నాకు ఆమె నేర్పింది పని. ఇప్పుడు నా వైండింగ్ నిలవక మోటారు వెనక్కొస్తే వోల్టేజీ మీదికి నెట్టను. "చుట్టింది నేనే మామా, తిట్టు" అంటాను. తిట్టిన ప్రతివాడూ మళ్లీ నా షాపుకే వస్తున్నాడు.