తువ్వాల కింద కంపెనీ

మనిషి పెట్టుబడిని బ్యాంకులోనుంచి తెచ్చుకుంటాడేమో గానీ, బుద్ధిని మాత్రం పాత పనిలోనుంచే తెచ్చుకుంటాడు. మదనపల్లెలో రిటైరైన హెడ్మాస్టరొకాయన మెస్సు పెట్టి, రెండోసారి సాంబారు అడిగినవాణ్ణి లేపి నిలబెట్టేవాడు. మెస్సు మూతబడింది, అది వేరే కథ.

కృష్ణప్పది పుంగనూరు సంత. ఇరవై ఏళ్ళు ఎద్దుల దళారి. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి తువ్వాల కింద పట్టి, వేళ్ళు నొక్కి ధర తెంచేవాడు. పక్కవాడి చెవిన పడని ధరే ధర. నోటితో చెప్పడమంటే ఆయన లెక్కలో నడిసంతలో పంచె విప్పడమే.

అలాంటి మనిషి రెండువేల మూడులో కుప్పంలో పశువుల దాణా కంపెనీ పెట్టాడు. పొదుపు సంఘాల ఆర్డరు వస్తే మిల్లు తిరుగుతుంది, రాకపోతే పాతఇనుము అంగడికి పోతుంది. సంఘాల లీడరు శాంతకుమారి పదిమంది ఆడవాళ్ళతో వచ్చి బస్తా ధర అడిగింది.

కృష్ణప్ప దాణా గుణం చెప్పాడు, పాలలో వెన్న చెప్పాడు, తన తాత చేతివాసి కూడా చెప్పాడు. ధర దగ్గరికొచ్చేసరికి మళ్ళీ దాణా గుణం మొదలుపెట్టాడు.

"ధర చెప్పన్నా, యాల నీళ్ళు నములుతాండావు?" అంది శాంతకుమారి.

ఆయన చెయ్యి ఆయన మాట వినలేదు. భుజం మీది తువ్వాల తీసి, తన మీద కప్పుకొని, ఆమె ముందుకు సాగింది.

పదిమందీ ఒక అడుగు వెనక్కి జరిగారు. శాంతకుమారి ఆ తువ్వాల వంక చూసి, లేచి చెప్పులు వెతుక్కుంది. వ్యాపారమంటే ఇదేనని చెప్పబోయాడు కృష్ణప్ప; చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా ఆ మాట ఎవరికి ఎక్కుతుంది?

మూలన బస్తాల మూతులు కుడుతున్న పెళ్ళాం కౌసల్య దబ్బనం పక్కన పెట్టింది.

"బస్తా మూడు నూర్ల పది, శాంతమ్మా. ఈయప్ప ఇరవై ఏండ్లు ఎద్దుల మధ్యన బతికినోడు, మనుషులు కొత్త."

పదిమందీ పగలబడి నవ్వారు. కృష్ణప్పకు మాత్రం ఇంటి గుట్టు బజారున పడ్డట్టయింది. అయినా శాంతకుమారి వెనక్కొచ్చి కూర్చుంది, నెలకు రెండు నూర్ల బస్తాలు రాసుకోమంది.

లేచేటప్పుడు మాత్రం చెప్పింది: "ఇంక ధర మాట మాట్లాడాల్సింది మా వదినతోనే. అన్న బస్తాలు ఎత్తితే సాలు."

ఎత్తాడు. కంపెనీ ఓనరు తానేనని ఊరందరికీ చెప్పుకుంటూ మరీ ఎత్తాడు.