పొగత్త కొత్త కన్ను

"నీలం."

"తెలుపే మహాతల్లీ, తెలుపు!"

"నువ్వు గుండీలు కుట్టుకో. పొగ సంగతి నాకొదిలెయ్."

"కుట్టేవాణ్ణి కాబట్టే చెబుతున్నా. తెల్లదారాలే నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసిన కళ్ళివి. ఆ పొగ తెలుపు."

"పొద్దున నీ చొక్కాకి నీలిమందు ఎక్కువైందంటే కూడా ఇలాగే ఎగిరావు. నీలాన్ని నీలం అని ఒప్పుకోవడం మీ వంశంలోనే లేదు."

"మా వంశాన్ని లాగకు! ఆ చొక్కాకి అసలు నీలిమందే పెట్టలేదు!"

రేవు మెట్ల మీద కత్తెర ఆగిపోయాడు. సెలూన్ నడుపుతాడు కాబట్టి రేవులో అందరికీ అతను కత్తెరే. ఉతకడానికి తీసుకెళ్తున్న తువ్వాళ్ళ సంచి భుజాన వేలాడుతోంది. కింద నీళ్ళలో అతని తెరచాప పడవ. రంగు పెచ్చులూడిన పాత పడవ. దాని కడుపులో కూర్చున్న పెట్రోల్ ఇంజన్ వయసులో కత్తెర కంటే పెద్దది. అది గుడగుడమంటూ వెనక గొట్టంలోంచి పొగ కక్కుతోంది. ఆ పొగ మీదే పొగత్తకీ, ఆమె మొగుడు దర్జీ మావయ్యకీ యుద్ధం.

తెలుపైతే ఆవిరి. ఇంజన్‌కి చల్లబరిచే నీళ్ళు సరిగా అందడం లేదని అర్థం. బాగుచేసుకోవచ్చు. నీలమైతే ఆయిల్ మండుతున్నట్టు. అంటే లోపల పిస్టన్ రింగులు అరిగిపోయాయి, ఇంజన్ పైకెత్తాల్సిందే. ఇంజన్ పైకి లేచిందంటే ఆ ఖర్చుకి పడవ చేతులు మారినట్టే. "ఇంకో ఇంజన్ అన్నావంటే వెళ్ళి ఆ ఇంజన్‌తోనే కాపురం చేసుకో" అని కత్తెర పెళ్ళాం ఇంట్లో ఎప్పుడో తీర్పు చెప్పేసింది. ఆవిడనీ అనడానికి లేదు. వంటింటి కుళాయి కారుతుంటే పట్టించుకోని మనిషి, పడవలో చుక్క నీరు కనిపిస్తే పరుగెత్తుతాడు. వారమంతా జనం తలలు వంచి కత్తిరించేవాడికి, తన తల ఎత్తి తెరచాప వైపు చూసుకునేది పడవెక్కే ఆ ఒక్కరోజే. ఆ రోజు పోతే ఇంకేం మిగులుతుందో అతనికి తెలీదు.

"అత్తా, తేల్చావా?" అన్నాడు కిందికి దిగుతూ.

"తేల్చడానికేముంది అల్లుడూ. నీలం. రింగులు పోయాయి."

కత్తెర అప్పుడే పడవకి ఎంత ధర వస్తుందో లెక్కేసుకోసాగాడు.

పొగత్త మాట అంటే రేవులో అంతే మరి. పొట్టి మనిషి, గట్టి గొంతు. జుట్టు మొగుడి బట్టల కత్తెరతో తనే కత్తిరించుకుంటుంది. ఆ అంచులు చూసినప్పుడల్లా కత్తెరకి చేతులు దురద పెడతాయి. ఆమె తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆయనకి నడుం పట్టేసిన రోజు, ఆయన బదులు ఈమె ఒక దర్జీ కొట్టుకి వెళ్ళింది. మిషన్ బాగైంది. మర్నాడు మళ్ళీ చెడింది. ఆ మర్నాడూ చెడింది. దర్జీ కుర్రాడే రాత్రిళ్ళు మరలు వదులు చేస్తున్నాడని ఆమెకి మొదటిరోజే తెలుసు. పెళ్ళయ్యేదాకా తెలియనట్టే బిగించింది. తర్వాత మొగుడు తెరచాపలు కుట్టడానికి రేవుకి వస్తుంటే తోడొచ్చేది. ఎవరి పడవలోనో దగ్గుతున్న ఇంజన్ విని "అది అలా దగ్గకూడదే" అంటూ చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి మళ్ళీ బయటికి రాలేదు.

పొగని చూసి రోగం చెప్పడం ఆమె గొప్ప. ఆ గొప్ప ఆమె దాచుకోదు. నల్లపొగైతే ఇంజన్ పెట్రోల్ ఎక్కువ తాగుతోంది, చోక్ ఇరుక్కుందేమో చూడు. తెలుపైతే నీళ్ళ దారి చూడు. నీలమైతే నన్ను చూసి ఏడువు. ఇదీ వరస. గొట్టం దగ్గర గుడ్డ పట్టి, మరక చూసి రోగం చెప్పేవాళ్ళంటే ఆమెకి లోకువ. "అది నేర్చుకునేవాళ్ళ పని" అంటుంది. ఈ మధ్యే కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమకంటికి ఇంకా కాలేదు. అప్పటినుంచి ఏం చూడాలన్నా ఎడమకన్ను మూసి, కొత్త కన్ను ఇంత చేసి చూస్తోంది.

ఇప్పుడూ అలాగే చూస్తోంది. ఆ మూసిన కన్ను, ఆ చొక్కా గొడవ కలిసి కత్తెర బుర్రలో ఏదో టక్కుమంది.

"అత్తా, మా సెలూన్‌కి ఒకాయన వచ్చాడు, నీలాగే కంటి ఆపరేషన్ చేయించుకుని. అద్దంలో చూసుకుని కుర్చీలోంచి ఎగిరి లేచాడు. 'నా తెల్లజుట్టుకి నీలం కొట్టావేంట్రా' అని. నేను దువ్వెన కూడా పెట్టలేదు. శుక్లం తీశాక కొన్నాళ్ళు తెలుపు నీలంగా కనిపిస్తుందట."

"అయితే?"

"కొత్త కన్ను మూసి, పాతదానితో ఓసారి చూడు."

"నా కంటికి వంక పెడుతున్నావా?" పొగత్త గొంతుకి పక్క పడవ మీది పిట్ట ఎగిరిపోయింది.

"చూడవే, చూస్తే నీ సొమ్మేం పోయింది?" దర్జీ మావయ్య ముఖం వెలిగిపోతోంది.

ఆమె చూసింది. కళ్ళు మార్చింది. మళ్ళీ మార్చింది. మొగుడి చొక్కా వైపు తిరిగి అక్కడా మార్చింది.

"దీంతో చూస్తే నీలం. దాంతో చూస్తే టీ ఒలికిన గుడ్డలా ఉంది," అంది చివరికి. "రెండు కళ్ళూ రెండు సాక్ష్యాలు చెబుతుంటే ఎవర్ని నమ్మేది?" చెయ్యి చాపింది. "అల్లుడూ, ఆ సంచిలో తెల్లగుడ్డ ఉందా?"

కత్తెర మరక లేని తువ్వాలొకటి ఏరి ఇచ్చాడు. నేర్చుకునేవాళ్ళ పని చేయడానికి పొగత్త గొట్టం ముందు వంగింది. తువ్వాలు తడిసింది. వాసన చూసింది. ఎండలో పరిచి, దాని పక్కనే కాపలా కూర్చుంది. తడి ఆరిపోయింది. జిడ్డు లేదు, మరక అంచు లేదు. గొట్టంలోంచి వచ్చే పొగ కూడా చెయ్యి చాపినంత దూరంలోనే గాల్లో కరిగిపోతోంది. ఆయిల్ పొగైతే అలా పోదు, పిలవని చుట్టంలా వేలాడుతుంది.

"ఆవిరే," అంది.

"ఏమన్నావు? సరిగా వినపడలేదు," అన్నాడు మావయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"తెలుపు! చాలా? ఊరంతా చాటింపు వెయ్!"

ఇంజన్ ఆపి చల్లారనిచ్చింది. ప్లగ్గులు విప్పింది. పొడిగా ఉన్నాయి. "సిలిండర్లోకి నీళ్ళు దిగడం లేదు. బతికావు." తర్వాత నీళ్ళ పంపు మూత తీసింది. లోపల రబ్బరు చక్రం, రెక్కలతో, చిన్న పువ్వులా ఉంటుంది. అదే నీళ్ళని ఇంజన్‌లోకి తోస్తుంది. ఆ పువ్వుకి రెండు రేకులు లేవు.

"దొరికిందా?" కత్తెర ముందుకి వంగాడు.

"సగమే. ఊడిన రెక్కలెక్కడికి పోతాయి? లోపలే ఎక్కడో అడ్డం పడుంటాయి. అవి దొరక్కుండా కొత్త చక్రం వేసేవాణ్ణి నేనైతే రేవులో అడుగు పెట్టనివ్వను."

గొట్టం వంపు తిరిగేచోట, తీగ వంచి పెట్టి గెలికింది. ఒకటొచ్చింది. రెండోది మొండికేసింది. ముగ్గురూ తలలు గుద్దుకుంటూ వంగి ఉండగా ఊడి వచ్చి సరాసరి మావయ్య గడ్డానికి తగిలింది. "నన్నే వెతుక్కుంటూ వచ్చింది," అన్నాడాయన తుడుచుకుంటూ.

తన సామాన్ల పెట్టెలోంచి కొత్త చక్రం తీసి వేసింది. పెట్రోల్ ఆవిరి పోయేదాకా ఇంజన్ మూత తెరిచే ఉంచింది, ముక్కు పెట్టి వాసన చూశాకే "ఊఁ, తిప్పు" అంది. కత్తెర తాళం తిప్పాడు. ఇంజన్ ఓసారి తుమ్మి అందుకుంది. గొట్టం బుడుంగుమని నీళ్ళు ఉమ్మింది. మళ్ళీ ఉమ్మింది. నోరు కడుక్కుంటున్న మనిషిలా వరస తప్పకుండా ఉమ్ముతూనే ఉంది. ఇంజన్ వేడెక్కాక చూస్తే పొగ జాడే లేదు.

కత్తెర కేకకి మెట్ల మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. మావయ్య, పెళ్ళాం రెండు చేతులూ పట్టుకుని, ఆ ఇరుకు పడవలో గిర్రున తిప్పబోయి తెరచాప కర్రకి నడుం కొట్టుకున్నాడు. "ముసలాడా, నీళ్ళలో పడతావు!" అని తిడుతూనే ఆమె పగలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేలా, పాత కంట్లోనూ కొత్త కంట్లోనూ. కత్తెర ఇంటికి ఫోన్ చేసి, "కాపురం నీతోనే" అన్నాడు. అవతలినుంచి ఏం జవాబొచ్చిందో గానీ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

నవ్వుతున్న పొగత్త ఉన్నట్టుండి ఆగింది.

"ఏమయ్యా, ఆపరేషనయ్యాక ఇంకెవరి పొగ చూశాను నేను?"

మావయ్య నవ్వు కూడా ఆగింది. "అవతలి గట్టున మాస్టారిది. నీలమన్నావు."

"ఇవాళే కదూ ఇంజన్ పైకెత్తిస్తానన్నాడు?"

మావయ్య అప్పటికే ఫోన్ చెవిన పెట్టాడు. "మాస్టారూ! ఆ బోల్టు మీంచి చెయ్యి తియ్యండి! ... ఎందుకా? మా ఆవిడ చెబుతుంది. ... లేదు, ఫోన్లో చెప్పదట. వస్తోంది."

పొగత్త చేతులు తుడుచుకుంది. జుట్టు సర్దుకోబోయి, సర్దుకునేంత జుట్టు లేక వదిలేసింది. ఇంజన్ పెట్టె పక్కన కాళ్ళు బారజాపి కూర్చుంది.

"అల్లుడూ, కట్టిన తాడు విప్పు. నీ పడవలోనే నన్ను అక్కడికి తీసుకెళ్ళు. ఇంకోమాట. అక్కడ నా తప్పు నేనే చెప్పుకుంటా. కన్ను కొత్తది, పాపం, ఆవిడేం చేస్తుంది, మా సెలూన్‌లో కూడా ఒకాయన అంటూ మధ్యలో దూరి నన్ను వెనకేసుకురాకు. గుడ్డ పట్టి చూడాల్సింది, చూడలేదు. నేను ఆ ముక్క చెప్పేదాకా నువ్వు నోరు మూసుకుని తాడు పట్టుకో, చాలు."