తూము నీడ చాప తాకేదాకా

మూత కింద ఎండ్రకాయలు గీరుతున్న చప్పుడు వినగానే నా చేతిలోని విసనకర్ర కింద పడింది. ఒంగోలులో మా అబ్బాయి ఇంటి పెరడు అది. కోడలు ధనలక్ష్మి తనతో పాటు బడిలో పనిచేసే టీచరమ్మలను మధ్యాహ్నం విందుకు పిలిచింది. మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద గిన్నెలో పసుపు నీళ్ళు మరుగుతున్నాయి. పక్కన మూతపెట్టిన బకెట్టు. చప్పుడు అందులోంచి వస్తోంది, పలక మీద గోటితో గీసినట్టు. అది వింటే ఈ వయసులో కూడా నా నోరు ఎండిపోతుంది, అరచేతులు చల్లబడతాయి. అట్లాగని ఎండ్రకాయలంటే నాకు ఇష్టం లేదనుకోకండి, ప్రాణం. ఆ ఇష్టమూ ఈ భయమూ రెండూ నాకు ఒక్క మనిషి దగ్గరే అంటుకున్నాయి. ఆమె పేరు సుబ్బాయమ్మ.

నేను పుట్టింది పెద్దారవీడు పక్కన ఒక మెట్ట పల్లెలో. నీళ్ళంటే బావి అడుగున మెరిసేవే మాకు తెలుసు. పెళ్ళయి కంభం కాపురానికి వచ్చాను. మా ఆయన రైల్వే స్టేషనులో గుమాస్తా. ఊరి చివర చెరువుకు పోయే దారిలో మా అద్దె ఇల్లు. చెరువు చూపిస్తామని తీసుకుపోయిన మొదటి రోజే నేను మా అత్త కొంగు వదల్లేదు. రెండు కొండల నడుమ కట్ట, అవతల కంటికి ఆనినంత దూరం నీళ్ళు. ఇది తెగితే ఏం గతి అని మా అత్తను అడిగాను. "మీ తాతల తాతలు పుట్టకముందు నుంచీ తెగలేదు, నువ్వొచ్చినావని తెగుతాదా?" అని ఆమె నవ్వింది. నేను పిరికిదాన్ని. బల్లి పడితే భయం, ఉరిమితే భయం, రైలు కూత పెడితే భయం. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

సుబ్బాయమ్మ మా పక్కింటావిడ. మద్రాసు ప్రభుత్వం వాళ్ళు చెరువు తూములు ఎత్తడానికి, దించడానికి పెట్టిన లస్కరు ఆమె భర్త. ఆమెది కొత్తపట్నం వైపు సముద్రపు ఒడ్డు పల్లె. నల్లటి మనిషి, గట్టి గొంతు, నవ్విందంటే నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. నాలాంటి పిరికిదానికి ఆమెను చూస్తే లోకంలో భయమనేదే లేనట్టు తోచేది. కట్ట మీద పామును కర్రతో పక్కకు నెట్టి తన దారిన తాను పోవడం నా కళ్ళారా చూశాను. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పిల్లా అనేది.

చెరువు కింద వరి కోతలయ్యాక, ఏటా ఒక రోజు, ఆమె మమ్మల్ని తూము దగ్గరికి పిలిచేది. "రేపు ఇంట్ల పొయ్యి ముట్టించబాకండి, ఆకలితో రాండి" అనేది. మేమంటే నేను, గాజుల దుకాణం హుస్సేన్‌బీ, స్టేషనులో పట్టాల పాయింట్లు మార్చే ఆయన భార్య చెన్నమ్మ. కానుగ చెట్టు పక్కన రాళ్ళ పొయ్యి పెట్టి, పెద్ద అండాలో ఉప్పు, పసుపు, చింతపండు, వెల్లుల్లి, ఎండు మిరపకాయలు వేసి నీళ్ళు మరిగించేది. ముందు గెణుసుగడ్డలు, తొక్కలతోనే చెనక్కాయలు. తర్వాత ఎండ్రకాయలు, కడపట రొయ్యలు. హుస్సేన్‌బీ వాళ్ళలో ఎండ్రకాయ తినరు కాబట్టి ఆమెకు చేపముక్కలు వేరే చట్టిలో ఉడికేవి. ఉడికాక నీళ్ళు వంచి, ఈతచాప మీద పరిచిన అరిటాకుల్లో అంతా ఒక్క కుప్పగా పోసేది. బంతులు లేవు, వడ్డనలు లేవు. చుట్టూ కూర్చోవడం, రాయితో డెక్కలు పగలగొట్టుకోవడం, వేళ్ళు నాక్కోవడం.

కానీ అంతకంటే ముందు ఒక తంతు ఉండేది. కుప్ప పోసీ పోయగానే ఆమె ఒక ఎండ్రకాయ, ఒక రొయ్య, ఒక చేపముక్క తీసుకుని మా అందరి ముందు తినేది. తిని, కొంగుతో మూతి తుడుచుకుని, "ఆ తూము రాతి నీడ మన చాపను తాకేదాకా ఎవురూ ముట్టబాకండి" అనేది. తూముకు నిలువుగా నాటిన రాతి స్తంభం ఉంది. దాని నీడ ఇంకా చాలా దూరంలో ఉండేది. ఆ దూరం ఉండేట్టు చూసుకునే ఆమె చాప పరిచేదని నాకు తర్వాత్తర్వాత అర్థమైంది.

మొదటి ఏడు నాకిది వింతగానూ, కొంచెం ఏవగింపుగానూ ఉండింది. మా పల్లెలో వండిన ఆడది అందరి తర్వాత, గిన్నె అడుగంటాక తింటుంది. వచ్చినవాళ్ళ కంటే ముందు తనే తిని, ఆ ఎంగిలి కుప్పలోంచి పెట్టడం ఎక్కడి మర్యాద? చెన్నమ్మ నా చెవిలో గొణిగింది. "మనకు ఆకలి పెట్టి తాను తింటా ఉంది, ఏందమ్మే ఈ చోద్యం?" ఇంటికొచ్చి చెబితే మా అత్త కూడా మూతి తిప్పింది. నీడ జరిగేలోపు సుబ్బాయమ్మ మాత్రం కబుర్లతో మమ్మల్ని కడుపుబ్బ నవ్వించేది. తూము తనిఖీకి వచ్చిన దొర బూట్లతో బురదలో దిగబడటం, ఆమె భర్త అటొక చెయ్యి, ఈ పక్క నుంచి ఇంకో బంట్రోతు ఇటొక చెయ్యి పట్టి లాగితే దొర వచ్చాడు గానీ బూట్లు రాకపోవడం. అది ఆమె చేసి చూపిస్తుంటే మేము నవ్వీ నవ్వీ అలిసిపోయేవాళ్ళం.

ఆ తంతు ఎందుకో రెండో ఏడు తెలిసింది. ఆమె ఇంటి వెనక ఎండ్రకాయలు ఏరుతుంటే పక్కన కూర్చున్నాను. కదిలేవాటిని బుట్టలో వేస్తూ, కదలనివాటిని దూరంగా గుంటలో పారేస్తోంది. "ఇది ఇప్పుడే చచ్చినట్టుంది గదక్కా, ఉంచరాదా?" అని ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఆమె నా చేతి మీద గట్టిగా కొట్టింది. నేను బిత్తరపోయాను. ఆమె అంతకంటే బిత్తరపోయి, నా చేతిలోంచి జారిపడిన ఎండ్రకాయను తీసి గుంటలోకి విసిరింది.

"నాకొక తమ్ముడు ఉండె, కోటిగాడు" అంది. "నేనింకా చిన్నదాన్ని. మాయమ్మ పనికి పోయింది. బుట్టలో కొన్ని ఎండ్రకాయలు కదలతా ఉండాయి, కొన్ని కదల్లే. నాకు అవి కరుస్తాయని శానా భయం. కదలనివైతే ఏమీ చెయ్యవు గదా అని వాటినే ఏరి వండినా. ముందు మగపిల్లోడికి పెట్టాల గదా, పెట్టినా. వాడు మళ్ళీ మళ్ళీ అడిగి తినినాడు. వాడు తినినాక నేను తిందామని చట్టి ముందర పెట్టుకున్నా. ముద్ద నోట్లో పెట్టకముందే వాడికి వాంతులు పట్టుకున్నాయి. తెల్లారేసరికి పోయినాడు." బుట్ట మీద మూత సర్దింది. "ముందు నేను తినుంటే..." అని ఆగిపోయింది.

మరి ఇంకా ఎందుకు వండుతావక్కా, నేనైతే ఈ జన్మలో వాటి మొహం చూడను అన్నాను. "వాడికి ఎండ్రకాయలంటే ప్రాణం పిల్లా. మీరంతా చుట్టూ కూచోని నవ్వుకుంటా తింటా ఉంటే వాడూ ఆడనే కూచున్నట్టు ఉంటాది నాకు" అంది. ఆ తర్వాత నేను ఎంగిలి మాట ఎత్తలేదు, ఎవరైనా ఎత్తినా ఊరుకోలేదు. కానీ ఆ ఏడు నీడ జరుగుతున్నంతసేపూ దొర బూట్ల కథకు నవ్వు రాలేదు. ఆమె మొహం వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇక ఆ తర్వాత కొన్నేళ్ళకు జరిగిన సంగతి. వానలు సరిగ్గా లేక చెరువు నీళ్ళు బాగా లోపలికి పోయాయి. ఎండ్రకాయలు ఎప్పటికంటే ఎక్కువ దొరికాయి. కుప్ప పోశాక సుబ్బాయమ్మ ఎప్పటిలాగే తినేసింది. అప్పుడు వచ్చింది హుస్సేన్‌బీ, ఆలస్యంగా, ఎగరొప్పుతూ. "యా అల్లా, ఎవురూ తినలేదు గదా? పై వాగు మడుగుల్లో చేపల్ని చంపే మందుచెక్క కలిపినారంట. చేపలు తేలినాయంట. దుకాణంలో అందరూ అదే చెప్పుకుంటా ఉండారు. ఆ నీళ్ళు ఈ చెరువుకే గదా వచ్చేది!"

మేమంతా ఒక్కసారిగా సుబ్బాయమ్మ వైపు తిరిగాము. ఆమె నవ్వు మొహం అట్లాగే ఉంది. "వచ్చేది ఈడికే. కూచోండి, నీడ రానీండి" అని దొర కథ మళ్ళీ ఎత్తుకుంది. చెన్నమ్మ పైట నోట్లో కుక్కుకుంది. నీడ చూస్తే జానెడు కూడా జరగలేదు. కానుగ ఆకు కదలడం లేదు. సుబ్బాయమ్మ పై పెదవి మీద చెమట పట్టింది. దొర బురదలో దిగాడు, ఒక బూటు ఇరుక్కుంది, అక్కడ ఆమె గొంతు ఆగిపోయింది. రెండో బూటు దాకా కథ రాలేదు. చేత్తో గుండె పట్టుకుని లేచి రెండడుగులు వేసి, వాంతి చేసుకుని, పక్కకు ఒరిగిపోయింది.

నేను పరిగెత్తి ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నాను. ఒళ్ళంతా మంచు. అంత పిరికిదాన్ని ఆ క్షణంలో ఎట్లా కదిలానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నా మణికట్టు పట్టుకుంది, గాజు పగిలి గుచ్చుకుంది. "ఎవురన్నా తినినారా? చూడు పిల్లా, ఎవురూ తినలేదు గదా?" "లేదక్కా." "చేతులు చూడు. అందరి చేతులూ చూడు." నేను చెన్నమ్మ చేతులు, హుస్సేన్‌బీ చేతులు చూశాను. నా చేతులు ఆమె కళ్ళ ముందు పెట్టాను. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. ఆమె కళ్ళు మూసుకుంది. చనిపోయిందనే అనుకున్నాను.

చెన్నమ్మ పరుగున పోయి లస్కరు బావను పిలుచుకొచ్చింది. ఎద్దుల బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాము. దారి పొడుగునా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఉందా అని చూస్తూనే ఉన్నాను. డాక్టరు నాడి చూశాడు, కళ్ళు తెరిచి చూశాడు, పొట్ట నొక్కాడు. "నిన్నటి నుంచి ఏం తిన్నది?" అని అడిగాడు. లస్కరు బావ తలవంచుకున్నాడు.

"ఏమీ లేదు సార్. ఏటా ఇంతే. ఈ విందు ముందు రోజు నుంచీ గంజి కూడా దిగదు. నిద్ర పోదు. ఒకటే వణుకు. ఎందుకే ఈ బాధ, మానుకో అంటే వినదు. పొద్దున్నే మొహం కడుక్కోని నవ్వుకుంటా బయటికి పోతాది."

ఖాళీ కడుపు, ఎండ, పైగా భయం, అన్నాడు డాక్టరు. మజ్జిగలో ఉప్పు వేసి తాపించమన్నాడు. మరుసటి రోజుకు ఆమె లేచి కూర్చుంది. ముందు రోజు సాయంత్రం మేము గుంట తీసి పూడ్చిన ఆ కుప్పను కుక్కలు తవ్వుకుని తిని, వీధిలో హాయిగా తిరుగుతున్నాయని హుస్సేన్‌బీ వచ్చి చెప్పింది. సుబ్బాయమ్మ పగలబడి నవ్వింది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. పామును కర్రతో నెట్టిన మనిషి, మమ్మల్ని అంతలా నవ్విస్తూ, ఏటా ఆ నీడ జరిగినంతసేపూ నాకంటే ఎక్కువ భయంతో కూర్చుని ఉండిందన్నమాట.

మరుసటి ఏడు కోతలయ్యాయి. ఆమె పిలవలేదు. నేనే పోయాను. "అక్కా, ఈసారి చెయ్యి. ముందు నేను తింటా" అన్నాను.

"నోరు ముయ్. నువ్వు తింటా ఉంటే నేను చూస్తా కూచోవాల్నా? నా వల్ల కాదు."

"మేము ఇన్నేండ్లు చూసినాం గదా?"

ఆమె మూలనున్న అండాను బయటికి లాగింది. "అయితే నా పక్కనే కూచోవాల" అంది. ఆ రోజు తూము దగ్గర మొదటి ఎండ్రకాయ నేను పగలగొట్టాను. నోట్లో పెట్టుకుంటే రుచి తెలియలేదు. ఆమె నా మణికట్టు పట్టుకుని, రెప్ప వేయకుండా నా మొహమే చూసింది. చెన్నమ్మ దొర కథ చెప్పబోయి, మొదలూ చివరా కలిపేసి, తనే నవ్వుకుంది. నీడ చాప అంచు తాకింది. సుబ్బాయమ్మ నా చెయ్యి వదిలి కుప్పలోంచి ఒకటి తీసుకుంది. తింటూ తింటూ, "కోటిగా, ఉప్పు తక్కువైందిరా" అంది. కళ్ళ నీళ్ళు కారి మూతి మీదికి వస్తున్నాయి, తుడుచుకోలేదు. మిరపకాయ ఘాటని మేమంతా అన్నాము.

తర్వాత మా ఆయనకు బదిలీ అయింది, మద్రాసు ప్రభుత్వమూ పోయింది. సుబ్బాయమ్మ కాలం చేసిందని ఎవరో చెప్పగా విన్నాను. నేను మాత్రం నా ఇంట్లో ఏది వండినా ముందు తిని, కాసేపాగి అందరికీ పెట్టే అలవాటు మానలేదు. మా అబ్బాయి పెళ్ళికి వచ్చినవాళ్ళు వింతగా చూశారు, మా ఆయన విసుక్కున్నాడు, పిల్లలు మా అమ్మకు ఆకలెక్కువని ఆట పట్టించారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెబితే వాళ్ళకూ ఆ భయం అంటుకుంటుందేమోనని.

ఒంగోలు పెరట్లో ధనలక్ష్మి ఆకుల మీద కుప్ప పోసింది. టీచరమ్మలు గోలగోలగా చుట్టూ చేరారు. నేను లేచి, అలవాటు ప్రకారం చెయ్యి చాపాను.

"మీరు కూర్చోండి అత్తయ్యా, నేను తినేశాను" అంది ధనలక్ష్మి, వేలు నాక్కుంటూ. "కాసేపాగి అందరం తిందాం. మన ఇంటి పద్ధతి అంతే కదా" అని వాళ్ళతో చెప్పి నవ్వింది.

ఆమె పక్కన చతికిలబడి మణికట్టు పట్టుకున్నాను. "ఏమైంది అత్తయ్యా, చేతులు ఇంత చల్లగా ఉన్నాయేం?" అంది. ఏమీ లేదన్నాను. ఇక్కడ తూము లేదు. బట్టలారేసే తీగకు నాటిన గుంజ ఉంది. దాని నీడ చాపకు ఇంకా దూరంగా ఉంది. ధనలక్ష్మి ఏదో కథ చెబుతోంది, అందరూ నవ్వుతున్నారు. నేను ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను.